సపెరావి వైన్ ఎలా కొనాలి, ఎలా తాగాలి?

జార్జియా దేశ రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలు బోలెడుమంది, వాళ్ళని చూడ్డానికి వెళ్ళిన పేరెంట్స్ వచ్చేటప్పుడు ఒక జార్జియా వైన్ బాటిల్ పట్టుకొస్తుంటారు. అందులో రెడ్ అయితే చాలావరకు సపెరావి ద్రాక్షదే. మామూలు నల్లద్రాక్ష చిదిమితే రసం తెల్లగానే వస్తుంది, రంగంతా తొక్కలోదే. దీన్ని చిదిమితే లోపలి కండ కూడా ఎర్రగా ఉంటుంది, అందుకే వైన్ గ్లాసులో దాదాపు నల్లగా కనిపిస్తుంది. నాకు చాలా ఇష్టం, కానీ ఓపెన్ చేసిన వెంటనే తాగేసి పులుపు, వగరు అని పక్కన పెట్టేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ముందు లేబుల్ చూడండి. ముకుజాని అని ఉంటే డ్రై, అంటే తీపి ఉండదు, ఓక్ పీపాల్లో మాగబెట్టింది. కిండ్జ్‌మరౌలి అయితే కొంచెం తియ్యగా ఉంటుంది, రెడ్ వైన్ కొత్త అయినవాళ్ళు దీంతోనే మొదలుపెట్టడం బెటర్. రెండూ జార్జియాలోని కాఖేతి ప్రాంతానివే. క్వెవ్రీ అని రాసుంటే భూమిలో పాతిపెట్టిన పెద్ద మట్టి బానలో పులియబెట్టారన్నమాట, బాన లోపల తేనెమైనం పూస్తారు, ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది కూడా. ఇండియాకి తెచ్చేటప్పుడు మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ ఉండదు, అంటే 750 ఎంఎల్ బాటిళ్ళు రెండు, బట్టల్లో చుట్టి చెక్-ఇన్ లగేజీలో పెట్టేయండి.

తర్వాత చల్లదనం. రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు గానీ అది మన ఎండలకి పనికిరాదు, డ్రై సపెరావికి 16–18 డిగ్రీలు ఉండాలి కాబట్టి తాగే ముందు ఓ అరగంట, ఎండాకాలంలో ఇంకాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. కిండ్జ్‌మరౌలి ఇంకా చల్లగా ఉన్నా బాగుంటుంది.

అసలు స్టెప్ ఇది, దీన్ని మాత్రం వదలకండి. డ్రై బాటిల్ అయితే మూత తీసి వెడల్పాటి గాజు జగ్గులోకి వంపేసి ఒక గంట అలా వదిలేయండి. బాటిల్ మూత తీసి ఉంచితే చాలదు, ఆ సన్నటి మెడలోంచి గాలి ఎంతని తగుల్తుంది. వంపగానే ఒక గుటక, గంటయ్యాక ఒక గుటక తాగి చూడండి, మొదట పళ్ళకి పట్టేసిన వగరు మెత్తబడి నేరేడుపండు లాంటి రుచి పైకొస్తుంది. పులుపు మాత్రం పోదు, ఈ ద్రాక్ష గుణమే అది.

ఆ పులుపు వల్లే ఖాళీ కడుపున కాకుండా తిండితో తాగాలి. జార్జియాలో ద్రాక్ష పుల్లల నిప్పుల మీద కాల్చిన మాంసంతో తాగుతారు, మనకి కొవ్వున్న మటన్ వేపుడు సరిగ్గా సెట్ అవుతుంది, వెజ్ వాళ్ళకి నువ్వుల మసాలా పెట్టిన గుత్తొంకాయ. కారం బాగా తగ్గించండి, లేకపోతే డ్రై వైన్‌తో నోరు మండిపోతుంది, కారం తప్పదంటే కిండ్జ్‌మరౌలి తీసుకోండి.

మిగిలితే మళ్ళీ బాటిల్లో పోసి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయండి.