ఏది ఎంత కరెంటు లాగుతోందో మీటరు లైటే చెప్తుంది

బెజవాడ ఎండలకి మే నెల బిల్లు చూసి అందరం ఏసీని తిట్టేవాళ్ళమే, అసలు ఏది ఎంత తింటుందో తెలీదు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటుంది కదా, దాని పక్కన 3200 ఇంప్ అనో 1600 అనో రాసుంటుంది, అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట.

ఇంట్లో అన్నీ కట్టేసి (ఇన్వర్టర్ ప్లగ్ కూడా, చాలామంది అదే మర్చిపోతారు) ఒక్క వస్తువే ఆన్ చేసి నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి 3200తో (మీ మీటరు మీద 1600 అని ఉంటే 1600తో) భాగిస్తే గంటకి ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది. 3200 మీటరులో 80 సార్లు వెలిగితే గంటకి యూనిట్టున్నర. 75 వాట్ల పాత ఫ్యాన్‌కి నిమిషానికి నాలుగే, గీజర్‌కి వందకి పైనే, లెక్కపెట్టడం కష్టం, ఫోన్‌లో వీడియో తీసుకోండి. అపార్ట్‌మెంట్లో మీటర్లు కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి పైన స్విచ్ వెయ్యడానికి ఇంకొకళ్ళు కావాలి.

ఫ్రిజ్‌కీ ఇన్వర్టర్ ఏసీకీ ఇది పనిచెయ్యదు, కాసేపు ఎక్కువ కాసేపు తక్కువ లాగుతాయి. ఫ్రిజ్‌కైతే ఊరెళ్ళేటప్పుడు అదొక్కటే ఆన్‌లో ఉంచి, వెళ్ళేముందు ఒకసారి వచ్చాక ఒకసారి రీడింగ్ చూసుకోండి.