పాత నేత చీరతో చంటిబిడ్డకు బొంత కుట్టడం ఎలా?

విశాఖపట్నంలో చలి తక్కువ, ఉక్క ఎక్కువ. అందుకే ఇక్కడ బొంతకు మందం అక్కర్లేదు. చెమట పీల్చుకోవాలి, ఉతికిన పూటే ఆరిపోవాలి. లోపల దూదో స్పాంజో పెట్టిన బొంత లంబసింగి చలికి పనికొస్తుందేమో గానీ, సముద్రం ఒడ్డున వానాకాలంలో అది రెండు రోజులకైనా లోపలిదాకా ఆరదు, ముక్క వాసన పట్టేస్తుంది. కట్టి కట్టి మెత్తబడిన నేత చీర ఒక్కటి, ఐదు పొరలు, నడుమ ఇంకేమీ లేకుండా: చంటిబిడ్డ కింద పరచడానికి ఇంతకు మించి అవసరం లేదు.

బొంత బాగా వస్తుందా ముడతలు పడుతుందా అన్నది అసలు కుట్టు మొదలు కాకముందే తేలిపోతుంది. పొరలు పరిచేటప్పుడు, అవి కదలకుండా తాత్కాలికంగా కచ్చా కుట్టు వేసేటప్పుడు చూపించే ఓపికే సగం పని. చాలామంది ఆ రెండింటినీ గబగబా కానిచ్చేసి, ఆ తర్వాత సూదిని తిట్టుకుంటారు.

చీర ఎంచుకోవడం

నూటికి నూరు పాళ్ళు నూలు చీర కావాలి. అనుమానంగా ఉంటే చెంగు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడండి. నూలు పోగు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కలిసి ఉంటే కరిగి చివర గట్టి పూస కడుతుంది. అలాంటి చీర చెమట పీల్చదు, పైగా జారుడు గుడ్డ కాబట్టి పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు.

వెంకటగిరి నూలు చీరల్లాంటి సన్నని నేత అయితే చేతి సూది వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. మంగళగిరి చీరలు గట్టివి, చాలా ఏళ్ళు కట్టినవైతేనే తీసుకోండి. జరీ అంచు ఏ చీరదైనా పూర్తిగా కత్తిరించేయాలి. జరీ పసివాళ్ళ ఒంటికి గీరుకుంటుంది, సూదికి కూడా అడ్డం పడుతుంది.

తర్వాత చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చివరి నుంచి చివరి దాకా చూడండి. కుచ్చిళ్ళు దోపే చోట, కింది అంచు నేలకు రాసుకునే చోట గుడ్డ పలచబడి ఉంటుంది. అక్కడ రెండు బొటనవేళ్ళతో పట్టుకుని కొంచెం లాగండి. పోగులు విడిపోతే ఆ భాగం వదిలేయాలి. పలచబడినా చిరగకపోతే లోపలి పొరకు వాడుకోవచ్చు. చీర అంతా ఎక్కడ పట్టుకున్నా చిరుగుతుంటే ఇక దాని మీద కష్టపడటం దండగ, తుడుపు గుడ్డలకు పనికొస్తుంది.

కావలసినవి

ఐదున్నర మీటర్ల నూలు చీర ఒకటి. బొంత కుట్టుకు ఆరు పోగుల ఎంబ్రాయిడరీ నూలు దారం, ఎనిమిది మీటర్ల లచ్చులు మూడు. కచ్చా కుట్టుకు తెల్ల దారం రీలు. కన్ను పొడుగ్గా, మొన సన్నగా ఉన్న సూదులు రెండు మూడు. గోనెసంచులు కుట్టే దబ్బనం వద్దు, పాత గుడ్డలో అది చేసిన రంధ్రం మళ్ళీ పూడదు. ఇవి కాక నడిమి వేలికి తొడుగు, దర్జీ సుద్ద, పెద్ద కత్తెర, పొడవాటి స్కేలు, అంగుళం వెడల్పున కత్తిరించిన అట్టముక్క. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళేవాళ్ళు దారాలు ఒక్కసారే తెచ్చుకోవడం మంచిది. సగంలో దారం అయిపోతే మళ్ళీ అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం ఉండదు.

గుండుసూదులు వాడితే తుప్పు పట్టని రకం తీసుకోండి. పెదవాల్తేరు, లాసన్స్ బే లాంటి ఒడ్డు ప్రాంతాల్లో ఉప్పుగాలికి మామూలు గుండుసూది గుడ్డలో రాత్రంతా ఉంటే చాలు, తెల్లారేసరికి గోధుమ రంగు చుక్క పడుతుంది. పని ఆపిన ప్రతిసారీ సూదులన్నీ తీసి మూత గట్టిగా పట్టే డబ్బాలో వేయండి. మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి ఆ డబ్బాలో పడేస్తే ఇంకా మంచిది. మరక పడితే నిమ్మరసం, ఉప్పు రాసి కాసేపు ఎండలో ఉంచి కడగండి. రంగు చీరైతే ముందు ఒక మూల రాసి చూడాలి, నిమ్మరసానికి కొన్ని రంగులు వెలిసిపోతాయి.

ఉతకడం, కత్తిరించడం

ఫాల్ ఉంటే కుట్లు విప్పి తీసేయండి. చీరను గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు నానబెట్టి, గంజి పూర్తిగా వదిలేదాకా ఉతకాలి. గంజి మిగిలితే సూది బరువుగా దిగుతుంది, పైగా బీరువాలో బొద్దింకలూ పురుగులూ దానికోసమే చేరతాయి. తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. ఎరుపు, ముదురు నీలం, ఆకుపచ్చ చీరలు ఎన్ని ఉతుకులకైనా రంగు వదులుతూనే ఉంటే చంటిబిడ్డ బొంతకు వద్దు. ఆరాక ఇస్త్రీ చేయండి. ముడత మీద కొలిచిన కొలత ఎప్పుడూ తప్పుతుంది.

అంచులు తీసేశాక చీర పన్నా, అంటే వెడల్పు, దాదాపు 40 అంగుళాలు మిగులుతుంది. చీర పొడవులో 36 అంగుళాలకు ఒకటి చొప్పున ఐదు ముక్కలు తీయండి. అంటే 180 అంగుళాలు. మిగిలిన దాంట్లోంచి అంచు పట్టీల కోసం రెండున్నర అంగుళాల వెడల్పున, పన్నా పొడవునా, ఐదు పట్టీలు. మొత్తం 192 అంగుళాల పైచిలుకు. చీర పొడవు 216 అంగుళాలు కాబట్టి, పాడైన చోట్లు వదిలేయడానికి రెండడుగుల దాకా వెసులుబాటు ఉంటుంది.

కత్తిరించే చోట ఒక అడ్డపోగు లాగండి. ఆ పోగు వదిలిన సన్నని గీత వెంట కత్తెర నడిపితే ముక్క నాలుగు మూలలూ సరిగ్గా వస్తాయి. కంటి అంచనాతో కోస్తే ఐదు ముక్కలూ ఐదు వంకర్లు పోతాయి.

పొరలు పరచడం

నేల తుడిచి ఆరనివ్వండి. టైల్స్ నేల అన్నిటికన్నా మంచిది, సూది మొన నేలకు తగిలి పైకి తేలుతుంది. చాప మీదో దుప్పటి మీదో పరిస్తే బొంతతో పాటు దాన్నీ కలిపి కుట్టేస్తారు. ఫ్యాన్ కట్టేయాలి. ఉక్కపోసినా సరే, పలచని గుడ్డ గాలికి లేచిన ప్రతిసారీ కింది పొర కదులుతుంది.

అన్నిటికన్నా గట్టిగా ఉన్న రెండు ముక్కలు పైకి, కిందికి. పలచబడినవి మధ్యలో. పడుగు పోగులు, అంటే చీర పొడవునా సాగే పోగులు, అన్ని ముక్కల్లోనూ ఒకే దిక్కున ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పడితే ఉతికినప్పుడు వేరు వేరు దిక్కులకు లాగి బొంత మెలిపడుతుంది. పాత పొరల మధ్య కొత్త గుడ్డ కలపకూడదన్నదీ ఇందుకే. పాత చీర కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్త గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుని మిగతా పొరలను ముడత పెడుతుంది. కలపక తప్పకపోతే దాన్ని రెండు మూడు సార్లు ఉతికి ఆరేశాకే వాడండి.

ఒక్కో పొర పరిచాక అరచేతులతో మధ్య నుంచి నాలుగు వైపులకూ సర్దండి. గుడ్డను సాగదీయకూడదు, సర్దాలి. సాగదీసి కుట్టిన పొర ఆ తర్వాత వెనక్కి తగ్గిపోయి, దాని పక్క పొర ఉబ్బుతుంది.

కచ్చా కుట్టు

తెల్ల దారంతో ముందు మధ్యలో నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస వేయండి. రెండు అంగుళాల పొడుగు కుట్లు చాలు. ఆ కూడలి నుంచి అంచుల వైపు, ప్రతి ఐదు అంగుళాలకూ ఒక వరస. ఎప్పుడూ మధ్య నుంచి బయటికే. అంచు నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా నడిమధ్యన బుడగలా చేరుతుంది, దాన్ని ఇక ఏం చేసినా అణచలేం. కుట్టేటప్పుడు గుడ్డను పైకి ఎత్తకండి. సూదిని నేల దాకా దింపి, మొన పైకి తేలగానే చేత్తో కాక ఒక చెంచా అంచుతో ఎత్తి అందుకుంటే పొరలు కదలవు. చివర్లో ముడి వేయకుండా ఒక అంగుళం తోక వదిలేస్తే తర్వాత లాగేయడం తేలిక.

ఇది అయ్యాక బొంతను ఎత్తి, తిప్పి, వెనక పొర చూడండి. ముడత కనిపిస్తే ఆ ఒక్క వరసా విప్పి మళ్ళీ వేయాల్సిందే. ఇప్పుడు పది నిమిషాల పని. అసలు కుట్టు పడ్డాకైతే రోజంతా పడుతుంది.

అసలు కుట్టు

అట్టముక్క ఆనించి సుద్దతో అంగుళానికొక గీత, 40 అంగుళాల పొడవునా, గీయండి. 35 గీతలు వస్తాయి. బాల్‌పెన్ను మాత్రం వద్దు.

లచ్చిలోని ఆరు పోగుల్లో మూడు విడదీసి, మూర పొడవు దారం ఎక్కించండి. ఎక్కువ పొడవు తీస్తే ఐదు పొరల్లోంచి మళ్ళీ మళ్ళీ దూరి దారం పీచులేస్తుంది, చిక్కుపడుతుంది. దారం చివర ముడి వేసి, మొదటి కుట్టుకు అంగుళం దూరంలో పైపొరలోంచి మాత్రమే సూది దింపి గీత మీద తేల్చండి. చిన్నగా ఒక్క లాగు లాగితే ముడి పైపొర దాటి లోపల దాక్కుంటుంది.

మధ్య గీతతో మొదలుపెట్టి, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వెళ్ళండి. మామూలు పరుగు కుట్టే: పావు అంగుళం కుట్టు, పావు అంగుళం ఖాళీ, అంటే అంగుళానికి రెండు కుట్లు. అంతకన్నా పొడుగైతే బిడ్డ కాలివేళ్ళు దారంలో చిక్కుకుంటాయి. సూదిని పడుకోబెట్టి కాక వీలైనంత నిలువుగా దించండి. పడుకోబెడితే పైన కుట్టు చక్కగా కనిపిస్తూనే కింది పొర అందదు. నాలుగైదు కుట్లకోసారి వెనక్కి తిప్పి చూసుకుంటూ ఉంటే ఈ పొరపాటు అక్కడికక్కడే దొరుకుతుంది.

గీత చివరికి వచ్చాక దారం బిగించే ముందు, బొంతను ఆ వరస పొడవునా రెండు చేతులతో సాపు చేయండి. దారం గుడ్డతో సమంగా ఉండాలి. బిగిస్తే వరస కుచ్చు పడుతుంది, వదులైతే ఉతుకులో తెగుతుంది. కుట్టు పడేకొద్దీ గుడ్డ అలలు అలలుగా కాస్త ముడుచుకోవడం సహజం. బొంతకు ఆ మెత్తదనం అందంగానే ఉంటుంది. బెంగాలీల కాంథాలో, ఉత్తర కర్ణాటక కౌదిలో కనిపించే అలలూ ఇలా వచ్చినవే.

కుట్టు మిషను మీద చేయాలంటే 16 నంబరు సూది, అన్నిటికన్నా పొడుగు కుట్టు, పాదం ఒత్తిడి కొంచెం సడలించి పెట్టండి. ఒత్తిడి ఎక్కువైతే పాదం పైపొరను ముందుకు నెట్టుకుపోయి చివర మడత పెడుతుంది. వరసలన్నీ ఒకే దిక్కున కుట్టాలి. ఒకటి కిందికి, ఒకటి పైకి వేస్తే వాటి మధ్య గుడ్డ ఏటవాలుగా మెలి తిరుగుతుంది. మిషనుకు మిషను నూనే వేయండి, కొబ్బరినూనె బంకలా గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది.

అంచు కట్టడం

కుట్టు అయ్యాక కచ్చా దారాలు లాగేసి, స్కేలు పెట్టి నాలుగు వైపులా సరిచేయండి. దాదాపు 35, 39 అంగుళాల బొంత మిగులుతుంది. ఐదు పట్టీలను చివరలు ఏటవాలుగా కలిపి అతకండి. నేరుగా అతికితే అతుకంతా ఒక్క చోటే చేరి గట్టి ముడిలా తగులుతుంది. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, మడత లేని వైపు బొంత పై అంచుకు ఆనించి, పావు అంగుళం లోపలగా కుట్టండి. మూలకు పావు అంగుళం ముందే ఆగి, పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, మళ్ళీ కొత్త అంచు వెంట కిందికి దించి మొదలుపెడితే మూల పదునుగా వస్తుంది. చివరికి మడత వైపును వెనక్కి తిప్పి, చేత్తో దగ్గర దగ్గరగా హెమ్మింగ్ చేయండి.

ఇప్పుడు సూదులు లెక్కపెట్టండి. ఎన్నింటితో మొదలుపెట్టారో అన్నీ డబ్బాలో ఉండాలి. ఒక్కటి తగ్గినా బొంతను అరచేత్తో అంగుళం అంగుళం తడమాలి, అయస్కాంతం ఉంటే దాంతో వెతకాలి. అప్పటిదాకా బిడ్డ దగ్గరికి పోనివ్వకండి.

వాడకం, దాచడం

ఇది బిడ్డ కింద పరిచేది. ముఖం మీదకి వచ్చేలా కప్పకూడదు. ఉతికాక పిండి, ఒకే తీగ మీద సగానికి మడిచి వేయకుండా రెండు తీగలకు అడ్డంగా ఆరేస్తే మధ్యలోంచి గాలి ఆడి త్వరగా ఆరుతుంది. బాల్కనీలో ఎండ పడకపోతే రాత్రి ఫ్యాన్ కింద వేయండి, కాస్త తేమ ఉన్నా మడిచి పెట్టకండి.

బీరువాలో దాచేటప్పుడు నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దేవద్దు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి ప్రమాదం తెస్తుంది, ఆ లోపం ఉన్నట్టు ముందుగా తెలియకపోవచ్చు కూడా. బాగా ఎండిన వేపాకు పలచని గుడ్డలో మూటకట్టి పెడితే సరిపోతుంది.

పెద్దవాళ్ళకు ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు బొంత కావాలంటే మూడు చీరలు తీసుకోండి. ఒక్కో చీర నుంచి 90 అంగుళాల ముక్కలు రెండు, మొత్తం ఆరు వస్తాయి. నాలుగింటిని పూర్తి పన్నాతో ఉంచి, మిగిలిన రెండింటిని నిలువునా సగానికి చీల్చి, ఒక్కో పూర్తి ముక్కకు ఒక్కో సగం అతికితే నాలుగు పొరలు సిద్ధం. పరిచేటప్పుడు ఒక పొర అతుకు కుడివైపు ఉంటే తర్వాతి పొర అతుకు ఎడమవైపు రావాలి, ఒకే వైపు వచ్చే రెండింటిని రెండు మూడు అంగుళాలు జరపాలి. నాలుగు అతుకులూ ఒకే చోట పడితే అక్కడ సూది దిగదు, బలవంతంగా దించితే విరుగుతుంది.