సూది మాట వినడం లేదా? విమానంలో జీపీఎస్ నావిగేటర్ నేర్చుకునేవారికి సమస్యలు - పరిష్కారాలు

"సార్, జీపీఎస్ పనిచేయడం లేదు." కొత్తగా నేర్చుకునేవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నిజంగా పాడైన యూనిట్‌ని మాత్రం చాలా అరుదుగా చూశాను. మిగతా అన్నిసార్లూ అది తనకు చెప్పిన పనే చేస్తోంది. మనం చెప్పామనుకున్న పని వేరు, అంతే.

ఆ తేడా ఎక్కడుందో మూడు ప్రశ్నలతో దొరుకుతుంది. దారికి ఏ పక్కన ఎంత జరిగామో చూపే సూదిని ఇప్పుడు నడుపుతున్నది జీపీఎస్సా, నేల మీది స్టేషన్ నుంచి వచ్చే రేడియోనా? ఏ లెగ్ (రెండు పాయింట్ల మధ్య దారి ముక్క) యాక్టివ్‌గా ఉంది, అంటే మ్యాప్ మీద మెజెంటా రంగులో ఉన్న గీత ఏది? వేపాయింట్ (దారిలో గుర్తుపెట్టిన చోటు) దాటాక తర్వాతిదానికి తనంతట తాను వెళ్తుందా, ఆగి ఉందా? మూడింటికీ జవాబు స్క్రీన్ మీదే ఉంటుంది. అది చదవకుండా మీటలు నొక్కుతూ పోతే చిక్కు ఇంకా బిగుసుకుంటుంది.

ఉదాహరణలకు గార్మిన్ 430ని, ఆ తర్వాత వచ్చిన టచ్‌స్క్రీన్ జీటీఎన్ యూనిట్లని తీసుకుంటున్నాను. 430 వచ్చింది 1998లో అయినా ఎన్నో విమానాల్లో ఇంకా పనిచేస్తూనే ఉంది. వేరే యూనిట్‌లో మీటల పేర్లు మారవచ్చు, లోపలి పద్ధతి దాదాపు ఇదే. ఎక్కడైనా తేడా కనిపిస్తే మీ యూనిట్ మాన్యువల్‌నే నమ్మండి.

నాబ్ తిప్పితే అక్షరం రావడం లేదు, పేజీ మారిపోతోంది

430లో అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. కర్సర్ వెలగకపోవడమే కారణం. కుడివైపు చిన్న నాబ్‌ని ఒకసారి లోపలికి నొక్కితే కర్సర్ వెలుగుతుంది. అప్పుడు పెద్ద నాబ్ చోటు మారుస్తుంది, చిన్న నాబ్ అక్షరం మారుస్తుంది. ఎక్కడున్నారో అర్థం కాకపోతే క్లియర్ మీటని కాసేపు నొక్కి పట్టుకోండి, మొదటి నావిగేషన్ పేజీకి వచ్చేస్తారు. ఈ వేళ్ల అలవాటు గాల్లో నేర్చుకునేది కాదు. కంప్యూటర్‌లో నడిచే ట్రైనర్ ప్రోగ్రామ్ మీద, నేల మీద, కూర్చుని నేర్చుకోవాలి. ఫ్లైట్ ప్లాన్ ఎక్కించడం, మధ్యలో ఒక పాయింట్ తీసేయడం, అప్రోచ్ (రన్‌వేకి దిగే నిర్ణీత దారి) మార్చడం, ఈ మూడూ తడుముకోకుండా చేయగలిగాకే విమానం ఎక్కండి.

ఐఎల్‌ఎస్ మీద ఉన్నాను, సూది మధ్యలోనే ఉంది, గ్లైడ్‌స్లోప్ మాత్రం రావడం లేదు

ఐఎల్‌ఎస్ అంటే రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలతో దిగే పద్ధతి. అందులో లోకలైజర్ ఎడమ-కుడి దారి చూపిస్తుంది, గ్లైడ్‌స్లోప్ దిగే వాలు చూపిస్తుంది. పైన చెప్పింది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే చూడ్డానికి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సూది మధ్యలో ఉంది నిజమే, కానీ అది జీపీఎస్ గీసిన గీత మీద మధ్యలో ఉంది. లోకలైజర్‌ని అది చూడటమే లేదు. ఐఎల్‌ఎస్ అప్రోచ్‌ని లోడ్ చేస్తే జీపీఎస్ మనల్ని దారి వరకు తీసుకెళ్తుంది. చివరి మలుపు తర్వాత నడిపించాల్సింది రేడియోనే.

రెండు చోట్ల చూడండి. ఒకటి, ఫ్రీక్వెన్సీ. అప్రోచ్ లోడ్ చేసినప్పుడు 430 ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీని స్టాండ్‌బైలో పెడుతుంది. దాన్ని యాక్టివ్‌లోకి మార్చాల్సింది మీరు. మార్చాక ఆ స్టేషన్ పంపే మోర్స్ గుర్తింపు, అంటే ఐడెంట్, వినండి. రెండు, సీడీఐ మీట, అంటే సూదికి సంకేతం ఎక్కడి నుంచి రావాలో మార్చేది. అది నొక్కితే స్క్రీన్ మీద 'జీపీఎస్' పోయి 'వీలాక్' (అంటే రేడియో) రావాలి. కొన్ని యూనిట్లు కొన్ని షరతులు కుదిరితే తామే మారతాయి. ఆ సదుపాయం ఉన్నా, లోకలైజర్ మీదికి రాకముందే "వీలాక్, ఫ్రీక్వెన్సీ, ఐడెంట్" అని పైకి అనుకుంటూ వేలితో చూపించుకోవడం నేను ప్రతి విద్యార్థికీ అలవాటు చేస్తాను.

దీనికి అద్దంలాంటి తప్పు ఇంకోటి ఉంది. ఐఎల్‌ఎస్ మిస్డ్ అప్రోచ్‌లో (దిగడం మానుకుని మళ్లీ ఎక్కడంలో) పైకి లేస్తారు, మెజెంటా గీత తర్వాతి పాయింట్‌కి చక్కగా మారుతుంది, సూది మాత్రం ఇంకా లోకలైజర్‌నే చూపిస్తూ ఉంటుంది. సీడీఐని మళ్లీ జీపీఎస్‌లోకి తేవాలి.

దారి పక్కకి జరిగాను, డైరెక్ట్-టు నొక్కగానే సూది మధ్యలోకి వచ్చింది

సూది మధ్యలోకి వచ్చింది కానీ మీరు అసలు దారిలోకి రాలేదు. డైరెక్ట్-టు నొక్కిన క్షణంలో మీరు ఎక్కడున్నారో అక్కడి నుంచి ఆ పాయింట్‌కి కొత్త గీత పడుతుంది. పాత గీత మీద కొండలకీ, అడ్డంకులకీ, నిషేధిత ప్రాంతాలకీ చూసుకున్న ఖాళీ ఈ కొత్త గీత మీద ఉంటుందని నమ్మకం లేదు. ఒకే లెగ్‌లో మూడుసార్లు ఇలా నొక్కితే మీ దారి గాలి తోసిన వంపులో సాగుతుంది.

అసలు లెగ్‌నే యాక్టివేట్ చేయండి. 430లో ఫ్లైట్ ప్లాన్ పేజీ తెరిచి, కర్సర్‌ని చేరాల్సిన పాయింట్ మీద పెట్టి, డైరెక్ట్-టు మీటని రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టాలి. జీటీఎన్‌లో ఆ పాయింట్‌ని తాకితే 'యాక్టివేట్ లెగ్' కనిపిస్తుంది. సూది ఒక పక్కకి వెళ్తుంది, వెళ్లనివ్వండి. హెడింగ్ (ముక్కు చూసే దిశ) మార్చి, ఆ గీతని కలుసుకుని, అప్పుడు మధ్యలో పెట్టుకోండి.

అసలు పక్కకి జరగడానికే కారణం చాలాసార్లు ఇది: వెళ్లాల్సిన ట్రాక్ (నేల మీద సాగే దారి దిశ) అంకెని చూసి అదే అంకెని హెడింగ్‌గా పట్టుకుంటారు. పక్క గాలి ఉంటే అది కుదరదు. హెడింగ్‌ని కాస్త గాలి వైపు తిప్పి, స్క్రీన్ మీది ట్రాక్ అంకె కోరిన ట్రాక్ అంకెతో కలిసేదాకా సర్దండి. గాలి ఎంతుందో లెక్కగట్టే శ్రమ కూడా తప్పుతుంది. జీపీఎస్ ఇచ్చే గొప్ప సాయాల్లో ఇదొకటని నా అభిప్రాయం. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే.

వేపాయింట్ దాటిపోయాను, తర్వాతి లెగ్‌కి మారడం లేదు

430 స్క్రీన్ అడుగున, ఓబీఎస్ మీటకి పైన చూడండి. 'ఓబీఎస్' అనో 'సస్ప్' (వరుస ఆగింది) అనో ఉంటుంది. మొదటిదైతే మీటని మీరే, బహుశా చెయ్యి తగిలి, నొక్కి ఉంటారు. ఆ మోడ్‌లో యూనిట్ ఒకే పాయింట్‌ని పట్టుకుని, మీరు పెట్టిన కోర్సునే చూపిస్తుంది. మళ్లీ నొక్కితే వరుస మొదలవుతుంది.

రెండోదైతే యూనిటే కావాలని ఆగింది. హోల్డింగ్ (చుట్లు కొడుతూ వేచి ఉండే చోటు) దగ్గర ఆగుతుంది, మిస్డ్ అప్రోచ్ పాయింట్ దగ్గర ఆగుతుంది. రన్‌వే కనిపించిందో లేదో దానికి తెలియదు, అందుకే మీ నిర్ణయం కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు మీట మరిచిపోవడం కాదు, మీట కోసమే వెతకడం. నేలకి దగ్గరగా, మబ్బులో ఉండి, తల వంచి మీట వెతక్కూడదు. ముందు పవర్, ముక్కు పైకి, రెక్కలు సమంగా. విమానం నికరంగా పైకి ఎక్కుతోందని చూసుకున్నాకే మీట. అది నొక్కగానే వచ్చే మలుపుని వెంటనే తీసుకోకండి. చార్ట్‌లో "ఇంత ఎత్తుకి నేరుగా ఎక్కి, ఆ తర్వాత తిరగండి" అని ఉంటే ఆ ఎత్తుని చూసుకోవాల్సింది మీరే. ఇలాంటి లెగ్‌లు చాలా యూనిట్లలో పైలట్ చేతుల మీదే నడుస్తాయి.

ఇంతసేపు నిమ్మళంగా ఉన్న సూది ఉన్నట్టుండి పరుగులు పెడుతోంది

పాడవలేదు, స్కేల్ మారింది. శాటిలైట్ ఆగ్మెంటేషన్ (జీపీఎస్ తప్పుల్ని దిద్దే అదనపు సంకేతం) ఉన్న యూనిట్‌లో దారి మధ్యలో సూది పూర్తిగా పక్కకి వెళ్తే 2 నాటికల్ మైళ్లు జరిగినట్టు. పాత రకంలో అది 5. విమానాశ్రయానికి 30 మైళ్ల లోపలికి వచ్చాక 1 మైలు అవుతుంది. ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి (చివరి దిగుడు మొదలయ్యే పాయింట్‌కి) 2 మైళ్ల ముందు నుంచి 0.3కి తగ్గుతుంది. ఎల్‌పీవీ (నిలువు సూచన కూడా ఇచ్చే జీపీఎస్) అప్రోచ్‌లో ఐఎల్‌ఎస్‌లాగే రన్‌వే దగ్గరయ్యేకొద్దీ ఇరుకవుతుంది. కాబట్టి సూది సగం పక్కకి ఉంది అంటే ఎంత దూరం జరిగారో స్క్రీన్ మీది 'ఎన్‌రూట్', 'టెర్మినల్' లాంటి మాట చదవకుండా చెప్పలేరు. స్కేల్ బిగిశాక దిద్దుబాట్లు చిన్నవిగా, రెండు మూడు డిగ్రీల్లో ఉండాలి.

ఎల్‌పీవీ అనుకున్నాను, ఎల్‌నావ్ అని వచ్చింది

ఎల్‌పీవీకి మామూలు జీపీఎస్ సరిపోదు. వాస్, ఎగ్నోస్, గగన్ లాంటి ఆగ్మెంటేషన్ వ్యవస్థల దిద్దుబాటు సంకేతం కావాలి. ఆ సమయంలో నిలువు కచ్చితత్వం మీద యూనిట్‌కి నమ్మకం కుదరకపోతే స్థాయి తగ్గిస్తుంది. అది నిజాయితీగా చెప్తోంది, మనం వినాలి. నిలువు సూచన లేని ఎల్‌నావ్‌లో మినిమమ్, అంటే రన్‌వే కనిపించకుండా దిగగలిగే ఆఖరి ఎత్తు, వేరు. బ్రీఫింగ్‌లోనే రెండు అంకెలూ చదివి పెట్టుకోండి, అప్పుడు మెసేజ్ వచ్చినా టెన్షన్ ఉండదు. ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ దాటేసరికి ఏ అప్రోచ్ మోడూ రాకపోతే దిగడం లేదు, మిస్డ్ అప్రోచ్. ఇందులో బేరం లేదు.

'ఎల్‌నావ్ ప్లస్ వీ' అని కనిపిస్తే అదనంగా వచ్చే నిలువు సూచన సలహా మాత్రమే. మినిమమ్ కింద అడ్డంకులు లేవని అది హామీ ఇవ్వదు.

కంట్రోలర్ వెక్టర్లు ఇస్తున్నారు, నా ఫ్లైట్ ప్లాన్‌లో పాయింట్లు మాయమయ్యాయి

వెక్టర్లంటే కంట్రోలర్ చెప్పే హెడింగ్‌లు. 'వెక్టర్స్ టు ఫైనల్' ఎంచుకుంటే పాత యూనిట్లు ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి బయట ఉన్న పాయింట్లని తీసేసి, ఫైనల్ కోర్సుని వెనక్కి పొడిగిస్తాయి. అప్పుడే కంట్రోలర్ మనసు మార్చుకుని ఆ పాయింట్లలో ఒకదానికి నేరుగా వెళ్లమంటే, అది జాబితాలో ఉండదు. అప్రోచ్‌ని మళ్లీ మొదటి నుంచి లోడ్ చేయాలి, అదీ పని ఎక్కువగా ఉన్న సమయంలో. వెక్టర్స్‌ని ఎంచుకునే బదులు ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కి దారితీసే లెగ్‌ని యాక్టివేట్ చేయడమే నాకు నచ్చిన పద్ధతి. గీత ఉంటుంది, పాయింట్లూ ఉంటాయి. లోడ్ చేయడం, యాక్టివేట్ చేయడం ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోండి. లోడ్ చేస్తే ప్లాన్‌లో చేరుతుంది. యాక్టివేట్ చేస్తే ఆ క్షణం నుంచే అటు తిప్పడం మొదలవుతుంది.

పేరు సరిగ్గానే కొట్టాను, యూనిట్ మరోవైపుకి చూపిస్తోంది

ఒకే గుర్తింపు ఉన్న బీకన్లు (దారి చూపే రేడియో స్టేషన్లు) ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1995 డిసెంబర్ 20న కొలంబియాలోని కాలీ నగరానికి దిగుతున్న బోయింగ్ 757లో జరిగింది ఇదే. అక్కడిది ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్. పైలట్లు 'రోసో' బీకన్ కోసం 'ఆర్' అనే ఒక్క అక్షరం కొట్టి, జాబితాలో మొదటిదాన్ని ఎంచుకున్నారు. అది బొగోటా దగ్గరి 'రోమియో' బీకన్. విమానం ఎడమకి తిరిగి కొండల్లోకి వెళ్లింది, 159 మంది చనిపోయారు. ఈ సంఘటనని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక అక్షరానికీ, ఒక ఎంటర్‌కీ మధ్య ఆగాల్సిన రెండు సెకన్ల విలువ ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

చివరి ఎంటర్ నొక్కేముందు స్క్రీన్ మీది పూర్తి పేరు, దూరం, దిశ చదవండి. చార్ట్‌తో పోల్చండి. 40 మైళ్లు ఉండాల్సిన చోట 400 కనిపిస్తే ఆగిపోండి. బయలుదేరకముందు కూడా ప్లాన్‌లోని ప్రతి లెగ్ దూరాన్నీ, కోర్సునీ కాగితంతో సరిచూడండి.

డీఎంఈ ఒకటి చెప్తోంది, జీపీఎస్ ఇంకోటి చెప్తోంది

రెండూ నిజమే కావచ్చు. నేల మీది స్టేషన్‌కి దూరం చెప్పే డీఎంఈ కొలిచేది ఏటవాలు దూరం, జీపీఎస్ చూపించేది నేల మీది దూరం. 6,000 అడుగుల ఎత్తులో స్టేషన్ నెత్తిమీద ఉంటే డీఎంఈ దాదాపు 1 మైలు చూపిస్తుంది, జీపీఎస్ సున్నా చూపిస్తుంది. తేడా దీనికన్నా పెద్దదైతే జీపీఎస్ ఏ పాయింట్‌కి దూరం చెప్తోందో చూడండి. అప్రోచ్‌లో అది ఎప్పుడూ తర్వాతి ఫిక్స్‌కే. రన్‌వేకి అనుకుని ముందే దిగేవాళ్లున్నారు.

ఆటోపైలట్ గీత మీద నిలవడం లేదు

హెచ్‌ఎస్‌ఐ (దిశ, సూది కలిసి ఉండే పరికరం) మీద కోర్సు ముల్లుని చేత్తో తిప్పే విమానమైతే, ప్రతి కొత్త లెగ్‌కీ దాన్ని తిప్పుతున్నారా? యూనిట్ "కోర్సు ఇంతకి పెట్టండి" అని మెసేజ్ ఇస్తూనే ఉంటుంది. చదవని మెసేజ్‌ల్లో చాలావాటికి జవాబు ఇదే.

ఇంటెగ్రిటీ హెచ్చరిక వచ్చింది, లేదా మ్యాప్ మీద విమానం గెంతుతోంది

స్థానం తెలియడానికి 4 ఉపగ్రహాలు చాలు. వాటిలో ఒకటి తప్పు చెప్తోందని రెయిమ్ (ఉపగ్రహాలని ఒకదానితో ఒకటి సరిచూసే తనిఖీ) కనిపెట్టాలంటే కనీసం 5 కావాలి, ఆ తప్పుదాన్ని పక్కన పెట్టి కొనసాగాలంటే 6. బారోమీటర్ ఎత్తు సాయం ఉంటే ఒకటి తగ్గుతుంది. అందుకే మ్యాప్ మామూలుగా ఉన్నా హెచ్చరిక రావచ్చు. ఆగ్మెంటేషన్ లేని యూనిట్‌తో వెళ్తుంటే చేరే సమయానికి రెయిమ్ ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, సంకేతం నేలకి చేరేసరికి ఎంతో బలహీనమవుతుంది. అందుకే దాన్ని చెడగొట్టడం తేలిక. జామింగ్ అయితే స్థానం పోతుంది, తెలిసిపోతుంది. స్పూఫింగ్‌లో అబద్ధపు స్థానం నమ్మకంగా కనిపిస్తుంది. గడియారం గెంతడం, గ్రౌండ్ స్పీడ్ అసాధ్యంగా మారడం, వీఓఆర్‌తో (దిశ చూపే నేల మీది రేడియో స్టేషన్‌తో) పొంతన లేకపోవడం దానికి గుర్తులు.

ఇలాంటప్పుడు, లేదా పైన చెప్పిన ఏ చిక్కులోనైనా పది సెకన్లలో కారణం తెలియకపోతే, చేయాల్సింది ఒకటే. యూనిట్ నుంచి చెయ్యి తీయండి. ఆటోపైలట్ ఉంటే హెడింగ్ మోడ్, లేకపోతే రెక్కలు సమంగా పెట్టి సురక్షితమైన ఎత్తు, తెలిసిన హెడింగ్. వీఓఆర్ ట్యూన్ చేయండి. కంట్రోలర్‌తో "జీపీఎస్ మీద నమ్మకం లేదు, వెక్టర్లు కావాలి" అని చెప్పండి. సూది సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.