కొత్త గేమ్ కోసం పీసీ అప్‌గ్రేడ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

గేమ్ విడుదల తేదీ తెలియగానే చాలామంది చేసే మొదటి పని గ్రాఫిక్స్ కార్డుల వైపు చూడటం. రెండో పని, విడుదలకు ముందు రాత్రి పీసీ విప్పుకుని కూర్చోవడం. రెండూ తొందరపాటే. మార్పులన్నీ కనీసం రెండు వారాల ముందే పూర్తయితే, లోపమున్న భాగం చేతికొచ్చినా తిరిగిచ్చి మార్చుకునే వ్యవధి ఉంటుంది. మూడు భాగాలు కొన్నా మూడూ ఒకేసారి బిగించకండి. ఒకటి మార్చి, ఇప్పటికే ఆడుతున్న గేమే ఒక గంట ఆడి చూసి, అంతా బాగుంటేనే రెండోదాని జోలికి వెళ్ళండి. పీసీలో నొప్పి ఒకచోట, రోగం మరోచోట ఉండటం మామూలు. కింద చెప్పేవాటిలో సగం అలాంటివే.

## గేమ్ నత్తనడక నడుస్తోంది, ఏది మార్చాలో తెలియట్లేదు

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొనేముందు పదిహేను నిమిషాలు కేటాయించండి. మీ పీసీకి కాస్త బరువనిపించే గేమ్ ఒకటి తెరిచి, వీసింక్, ఫ్రేమ్ లిమిట్ (ఫ్రేముల వేగాన్ని ఒక హద్దు దాటనివ్వని సెట్టింగులు) రెండూ ఆపేసి, గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తోందో తెరమీద చూపించే టూల్ పెట్టుకోండి. కార్డు 97, 98 శాతం దగ్గర నిలకడగా ఉంటే అడ్డు కార్డే. 60, 70 శాతం దగ్గర ఊగుతూ ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) మాత్రం పెరగకపోతే, కార్డు ఖాళీగా ఉండి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఫలితం అంతంతమాత్రమే.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 35 శాతమే చూపిస్తోంది కదా అని మోసపోకండి. అది ప్రాసెసర్‌లోని అన్ని కోర్ల (విడివిడిగా పనిచేసే భాగాల) సగటు. గేమ్‌కి ప్రాణమైన ఒకటి రెండు కోర్లు నూటికి నూరు శాతం పనిచేస్తూ, మిగతావి ఖాళీగా ఉన్నా అంకె అలాగే కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే రెజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ అమాంతం పెరిగితే అడ్డు కార్డు, కదలకపోతే ప్రాసెసర్ లేదా ర్యామ్.

ఇంకో రకం ఉంది. ఎఫ్‌పీఎస్ సగటున బాగానే ఉంటుంది, కానీ కెమెరా తిప్పగానే ఝటకా ఇస్తుంది, గోడలూ బట్టలూ మసగ్గా కనిపించి ఆలస్యంగా తేటపడతాయి. వీడియో మెమరీ నిండిపోతే ఇలా అవుతుంది. టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించి చూడండి. దాంతో సర్దుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు, ఉన్న కార్డుతోనే ఆడుకోవచ్చు. గేమ్ ఇంకా హార్డ్ డిస్క్‌లోనే ఉంటే మాత్రం ముందు ఎస్ఎస్‌డీ సంగతి చూడండి. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ తప్పనిసరి అని రాశారు.

కనీస అవసరాల పట్టికలో కార్డు పేరు ఒక్కటే చూసి వదిలేయొద్దు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి, నీడలను లెక్కగట్టే సదుపాయం) ఉన్న కార్డు ఉండాల్సిందేనంది. జీటీఎక్స్ 1080 టీఐలో 11 జీబీ మెమరీ ఉన్నా ఆ సదుపాయం లేదు. అప్పుడు సెట్టింగులు ఎంత తగ్గించినా లాభం లేదు.

## కొత్త కార్డు పెట్టాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది

ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. అలవాటుకొద్దీ మదర్‌బోర్డు మీది పోర్టులో పెట్టేసి గంటసేపు తల పట్టుకునేవాళ్ళు చాలామంది. కేబుల్ కార్డుకే వెళ్ళాలి.

అది సరిగానే ఉంటే కార్డును బయటికి తీసి, స్లాట్ చివరి క్లిప్ టక్కుమనేదాకా మళ్ళీ నొక్కండి. తర్వాత పవర్ కేబుల్. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లే. 6 పిన్ కనెక్టర్ ఇంకో 75, 8 పిన్ కనెక్టర్ 150 వాట్లు ఇస్తాయి. ప్రాసెసర్‌కి వెళ్ళేది కూడా 8 పిన్నే కానీ దాని అమరిక వేరు, బలవంతంగా కార్డుకు దూర్చకండి. కొత్తరకం 12 పిన్నుల పెద్ద కనెక్టరైతే పూర్తిగా లోపలికి వెళ్ళిందో లేదో లైటు వేసి మరీ చూసుకోండి. కొంచెం బయటికి ఉండిపోయినవి వేడెక్కి కరిగిపోయిన సందర్భాలున్నాయి.

మదర్‌బోర్డు మీద నాలుగు చిన్న లైట్లుంటే మీ పని సగం తేలికైనట్టే. ప్రాసెసర్, ర్యామ్, వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని పక్కనే రాసి ఉంటుంది. ఏ లైటు వెలిగి ఆగిపోతే వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి.

కార్డుతోపాటు పవర్ సప్లై కూడా మారుస్తుంటే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మాడ్యులర్ (కేబుళ్ళు విడిగా ఊడివచ్చే) పవర్ సప్లై కేబుళ్ళు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ, పవర్ సప్లై వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ ఉండాలన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కంపెనీలోనే రెండు మోడళ్ళ మధ్య తేడా ఉండొచ్చు. పాత కేబుళ్ళు అప్పటికే నీట్‌గా కట్టి ఉన్నాయి కదా అని నేను వాటినే ఉంచి, పవర్ సప్లై మాత్రం మార్చాను. స్విచ్ వేయగానే చిన్న చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన. ఒక ఎస్ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్ కలిసి పోయాయి. హార్డ్ డిస్క్‌లో ఏడేళ్ళ ఫోటోలున్నాయి. అందుకే పవర్ సప్లై మారిస్తే దానితో వచ్చిన కేబుళ్ళే వాడండి, ఎంత పనైనా సరే.

## ర్యామ్ మార్చాక అసలు ఆన్ కావట్లేదు, లేదా ఆన్ అయింది కానీ తేడా ఏమీ లేదు

డీడీఆర్5 (కొత్తతరం ర్యామ్) బోర్డులు కొత్త ర్యామ్‌తో మొదటిసారి వెలిగినప్పుడు దాన్ని పరీక్షించుకుని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి మధ్యలో పవర్ తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పది పదిహేను నిమిషాలు దాన్ని అలా వదిలేయండి. అప్పటికీ రాకపోతే ఒక్క స్టిక్‌తో ప్రయత్నించండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టడం దాదాపు అన్ని బోర్డులకూ సరిపోతుంది.

పాత రెండింటికి కొత్త రెండు కలిపి నాలుగు చేయాలనుకునేవాళ్ళకు నా సలహా, వద్దు. వేరువేరుగా కొన్న జతలు కలవకపోవచ్చు. కలిసినా డీడీఆర్5లో నాలుగు స్టిక్‌లతో పూర్తి వేగం అందుకోవడం కష్టం. ఒకే పెట్టెలో వచ్చిన పెద్ద జత కొని, పాతది తీసేయడమే మేలు.

ఇక తేడా కనిపించకపోవడానికి కారణం సాధారణంగా ఒకటే. పెట్టె మీద 6000 అని రాసి ఉన్నా ర్యామ్ మామూలు వేగంతోనే మొదలవుతుంది. డీడీఆర్5 అయితే 4800, డీడీఆర్4 అయితే 2133 అలా. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్‌లోకి) వెళ్ళి, ర్యామ్‌ను పెట్టె మీది వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయాలి. చాలామంది ఏళ్ళ తరబడి చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం తిరుగుతుంటారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఇప్పుడు నడుస్తున్న వేగం కనిపిస్తుంది.

## ప్రాసెసర్ మార్చాను, బూట్ కావట్లేదు

సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సరిపోయినంత మాత్రాన బోర్డుకు ఆ ప్రాసెసర్ తెలుసని కాదు. ఉదాహరణకు, బీ450 బోర్డుల్లో రైజెన్ 5000 ప్రాసెసర్లు బయోస్ అప్‌డేట్ చేశాకే పనిచేశాయి. కాబట్టి పాత ప్రాసెసర్ ఇంకా లోపలున్నప్పుడే బయోస్ అప్‌డేట్ చేసేయండి. ఇప్పటికే తీసేసి ఉంటే, బోర్డు వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు.

అయితే బయోస్ జోలికెళ్ళే ముందే బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) సంగతి తేల్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11 పెట్టుకున్న చాలా పీసీల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళంచెవి టీపీఎం అనే భద్రతా భాగం దగ్గర ఉంటుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, ప్రాసెసర్ మార్చినా విండోస్ నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నదంతా పోయినట్టే. ముందుగానే అకౌంట్‌లో కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకుని, మార్పు పూర్తయ్యేదాకా బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి.

ఏఎండీ బోర్డులైతే కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి వెలిగినప్పుడు ఎఫ్‌టీపీఎంను (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎంను) రీసెట్ చేయాలా అని అడుగుతాయి. వై నొక్కితే పాత తాళంచెవి పోతుంది. రికవరీ కీ చేతిలో లేనివాళ్ళు ఎన్ నొక్కి, పాత ప్రాసెసర్ తిరిగి పెట్టి, కీ సంపాదించుకుని అప్పుడు రండి.

## పీసీ బ్రహ్మాండంగా ఉంది, గేమ్ మాత్రం సెక్యూర్ బూట్ అడుగుతోంది

సెక్యూర్ బూట్ అంటే నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీని మొదలుకానిచ్చే బయోస్ సెట్టింగు. దాన్ని అడిగేది గేముల్లో మోసాలు అరికట్టే సాఫ్ట్‌వేర్. 2025 అక్టోబర్ 10న వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ ఆన్ చేసి లేకపోతే ఆడనివ్వదు. ఇక్కడ తొందరపడి బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కు వీలిచ్చే సెట్టింగు) ఆపేస్తే, పాత పద్ధతిలో పెట్టిన విండోస్ అసలు లేవకపోవచ్చు. ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి పార్టిషన్ స్టైల్ చూడండి. ఎంబీఆర్ (పాత పద్ధతి) అని ఉంటే డేటా బ్యాకప్ తీసుకుని, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో జీపీటీకి (కొత్త పద్ధతికి) మార్చండి. సీఎస్ఎం ఆపడం ఆ తర్వాతే. సెక్యూర్ బూట్ దాని తర్వాత. ఈ వరస తప్పొద్దు.

బయోస్‌లో ఎనేబుల్డ్ అని ఉండి, విండోస్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మాత్రం ఆఫ్ అని చూపిస్తే కీలు లోడ్ కాలేదని అర్థం. సెక్యూర్ బూట్ మెనూలో ఫ్యాక్టరీ కీలను రీస్టోర్ చేసే ఆప్షన్ వాడి మళ్ళీ చూడండి.

## ఆట మధ్యలో పీసీ చటుక్కున ఆగి రీస్టార్ట్ అవుతోంది

నీలం తెర లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు, కరెంటు పోయినట్టు ఆగిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్ పవర్ 41 అని కనిపిస్తుంది. అదే జబ్బు పేరు అనుకుని దానికోసం మందు వెతక్కండి. పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, ఎందుకో అది చెప్పదు.

కొత్త కార్డు పెట్టాకే మొదలైతే అనుమానించాల్సింది పవర్ సప్లైని. కార్డులు క్షణంలో చిన్న భాగంపాటు తమ రేటింగ్ కన్నా చాలా ఎక్కువ లాగుతాయి, బలహీనమైన పవర్ సప్లై దాన్ని ప్రమాదంగా భావించి కట్ అయిపోతుంది. రుజువు చేసుకోవడం తేలికే. కార్డు పవర్ లిమిట్ 75 శాతానికి దించి ఒక గంట ఆడండి. ఆగడం మానేస్తే దొంగ దాదాపు దొరికినట్టే. కొత్తది కొనేముందు ఒక్క పని చేయండి: ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తోకలతో కార్డుకు పవర్ ఇచ్చి ఉంటే, రెండు వేరువేరు కేబుళ్ళు వేసి చూడండి. కొన్నిసార్లు దాంతోనే పోతుంది.

## అనుకున్నంత ఎఫ్‌పీఎస్ రావట్లేదు

మానిటర్ 144 హెర్ట్జ్‌దే కానీ విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోయిందేమో చూడండి. పాత కార్డు డ్రైవర్లను సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తీసేసి కొత్తవి పెట్టండి, ముఖ్యంగా కంపెనీ మారినప్పుడు. కార్డును కింది పొడవాటి స్లాట్‌లో పెట్టి ఉంటే పైదానికి మార్చండి. కిందిది చూడ్డానికి అంతే పొడవున్నా చాలా బోర్డుల్లో లోపల నాలుగు లేన్లే (డేటా వెళ్ళే దారులే) ఉంటాయి. కొన్ని చవక కార్డులకు పుట్టుకతోనే లేన్లు తక్కువ. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి నాలుగే, అందుకే పాతతరం పీసీఐఈ 3.0 స్లాట్ ఉన్న బోర్డులో అది మరింత నెమ్మదిస్తుంది.

మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత పడిపోతే వేడి. ప్రాసెసర్ కూలర్ కొత్తదైతే అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వకండి, రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే.

గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే కుదుపులకు మాత్రం ఏ మందూ అక్కర్లేదు. షేడర్లు (బొమ్మను గీయించే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నాయి, పూర్తి కానివ్వండి. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ ఈ తంతు మళ్ళీ ఉంటుంది.

## వీడియో మెమరీ చాలదంటోంది, కార్డులో 16 జీబీ ఉంది

అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్‌లు షేడర్లు తయారుచేస్తూ ఈ ఎర్రర్‌తో మూసుకుపోతుంటే, ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే, కార్డును తిట్టకండి. ఆ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజీ కారణంగా క్రమంగా దెబ్బతిన్నాయి. ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్పులు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్ళు పెంచింది. అవి బయోస్ అప్‌డేట్ రూపంలో అందుతాయి. అప్‌డేట్ చేశాక కూడా ఎర్రర్ ఆగకపోతే, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయలేదు కాబట్టి వారంటీలో మార్పించుకోవడమే దారి.

తీసేసిన పాత కార్డును, పాత ర్యామ్‌ను మాత్రం వెంటనే అమ్మేయకండి. కొత్త గేమ్ ఒక వారం ఆడేదాకా ఇంట్లోనే ఉంచుకోండి. అనుమానం వచ్చినప్పుడు పాతది తిరిగి పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది, విడుదల రోజు రాత్రి ఆడటానికి కనీసం ఏదో ఒక పీసీ ఉంటుంది.