ఫైబర్‌లో సిగ్నల్ ఎక్కువైతే అటెన్యుయేటర్ ఇలా పెట్టండి

సిగ్నల్ తక్కువైతే ఏం చేయాలో ఫైబర్ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, కనెక్టర్ తుడుస్తారు, జాయింట్ చూస్తారు. తికమకంతా ఎక్కువైనప్పుడే. పరకాల పక్క ఊళ్లో మైనస్ 24 డీబీఎంతో (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) హాయిగా నడిచే మోడెమే హన్మకొండలో ఓఎల్‌టీ (కంపెనీ వైపు నుంచి ఫైబర్‌లోకి సిగ్నల్ పంపే పెట్టె) ఉన్న బిల్డింగులో పెడితే సిగ్నల్ మరీ ఎక్కువై ఎర్ర లైటు కొట్టుకుంటూ లింకు పడి లేస్తుంటుంది, కస్టమరేమో బాక్సు పాడైందంటాడు, కొత్తది పెట్టినా అదే గోల.

ముందు పవర్ మీటర్‌ను 1490 నానోమీటర్లకి (మోడెంకి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం) సెట్ చేసి చూడండి, మోడెం పంపే 1310లో ఉంటే రీడింగ్ తప్పు వస్తుంది. మామూలు బీ ప్లస్ జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ను పంచి ఇళ్లకు ఇచ్చే పద్ధతిలో ఒక రకం) మోడెంకి మైనస్ 27 నుంచి మైనస్ 8 మధ్య ఉండాలి. మీటర్ మైనస్ 4 చూపించిందనుకోండి, 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే ముక్క) వేస్తే మైనస్ 14కి దిగుతుంది, చాలు. 10 డీబీ అంటే పవర్ పదో వంతు మిగలడం, 3 డీబీ అంటే సగం. అయితే పోయేదీ వచ్చేదీ ఒకే ఫైబర్ కదా, మోడెం పంపేది కూడా అంతే తగ్గుతుంది, అందుకే ఓఎల్‌టీలో ఆ మోడెం రీడింగ్ మైనస్ 28 కన్నా కిందికి పోకుండా చూసుకోవాలి.

అటెన్యుయేటర్ అంటే ఓ చిన్న ముక్కే, ఒక చివర కనెక్టర్, రెండో చివర అడాప్టర్ లాంటి రంధ్రం, ఒంటి మీద డీబీ రాసి ఉంటుంది. ఆకుపచ్చ కనెక్టర్‌కి ఆకుపచ్చదే కొనండి, నీలంది కలపొద్దు. పెట్టేది మోడెం దగ్గర, స్ప్లిటర్‌కి (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే పెట్టె) ముందు పెడితే లైన్లో ఉన్న ఇళ్లన్నిటికీ కోత పడుతుంది. పెట్టేముందు రెండు కొనలూ తుడవండి, ఫైబర్ కొనలోకి మాత్రం తొంగి చూడకండి, ఆ లేజర్ కంటికి కనిపించదు కానీ దెబ్బ తీస్తుంది.

కొందరు ఫైబర్‌ను పెన్సిల్‌కి చుట్టి సిగ్నల్ తగ్గిస్తారు. నాకైతే అస్సలు నచ్చదు. వంపులో 1490 బాగా పోతుంది, 1310 అంతగా పోదు, పైగా ఎవరైనా వైరు కదిలిస్తే లెక్కంతా మారుతుంది.

టీవీ కోక్సియల్ లైన్లో ఐతే 75 ఓమ్స్ ప్యాడ్ (కోక్సియల్‌కి వేసే అటెన్యుయేటర్) వేయండి, 3, 6, 10 డీబీల్లో దొరుకుతాయి. డిష్ లైన్లో వేసేటట్టయితే పవర్ పాస్ (కరెంటును దాటనిచ్చేది) ఉన్నదే అడగండి, లేకపోతే ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండే సిగ్నల్ పట్టే ముక్క) కరెంటు అందదు.