అడుగులా, ఎమ్మెమ్‌లా? ప్లైవుడ్, కలప కొలతలు తికమక లేకుండా రాసుకోవడం ఎలా?

తిరుపతిలో ఏ ప్లైవుడ్ షాపు ముందు నిలబడినా ఇలాంటి మాట వినిపిస్తుంది: "అన్నా, ఎయిట్ బై ఫోర్, ఎయిటీన్ ఎమ్మెమ్, రెండు షీట్లు ఇయ్యి." పొడవూ వెడల్పూ అడుగుల్లో, మందం మిల్లీమీటర్లలో. అదే షాపులో మైకా (ప్లైవుడ్ పైన అంటించే పలుచటి షీటు) ఒక ఎమ్మెమ్, డ్రా చానల్ (సొరుగు జారే పట్టాలు) పద్దెనిమిది అంగుళాలు. టింబర్ డిపోకి వెళ్తే ఎమ్మెమ్ ఊసే ఉండదు, అంతా సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగులు. మెట్రిక్ కొలతలకు మారడానికి మన దేశం చట్టం చేసింది 1956లో. వ్యాపారంలో మెట్రిక్ ప్రమాణాలే వాడాలని 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కూడా చెబుతోంది. కలప బజారు మాత్రం అడుగుని వదల్లేదు, ఇప్పట్లో వదిలేలా కూడా లేదు.

కాబట్టి ఏ పద్ధతి గొప్పదన్న వాదన పక్కన పెట్టేద్దాం. కొనేటప్పుడు బజారులో ఎలా అడుగుతారో అలాగే అడగండి. కోత కొలతలు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఎమ్మెమ్‌లోనే రాయండి. మధ్యలో అటూ ఇటూ మార్చుకుంటూ పోయినప్పుడే చెక్క పాడవుతుంది.

1. ముందు చుక్క సంగతి తేల్చుకోండి

మన మేస్త్రీలు, ఆచారులు 7 అడుగుల 6 అంగుళాలని కాగితం మీద "7.6" అని రాస్తారు. వాళ్లలో వాళ్లకి ఇబ్బంది లేదు. ఆ కాగితం మీ చేతికొచ్చి, మీరు ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 7.6 అని కొట్టారనుకోండి, అది 2316 ఎమ్మెమ్ అంటుంది. అసలు కొలత 7.5 అడుగులు, అంటే 2286. తేడా 30 ఎమ్మెమ్. "2.10" అయితే ఇంకా ఘోరం. ఆచారి లెక్కలో అది 864 ఎమ్మెమ్, క్యాలిక్యులేటర్ లెక్కలో 640. ఆ కొలతతో తలుపు చేయించారంటే కిటికీకి కూడా పనికిరాదు.

అందుకే ఆచారి చెప్పిన ప్రతి కొలతా ముందు మొత్తం అంగుళాల్లోకి మార్చండి. 7 అడుగుల 6 అంగుళాలు అంటే 90 అంగుళాలు. దాన్ని 25.4తో గుణిస్తే 2286. నూళ్లలో చెబితే ఒక నూలుకి సుమారు 3.2 ఎమ్మెమ్ కలపండి, ఎనిమిది నూళ్లయితే అంగుళం. ఇంకా సులువైన దారి ఉంది. టేపు మీద రెండు వైపులా గుర్తులుంటాయి కదా, గోడ దగ్గరే ఎమ్మెమ్ వైపు చూసి రాసేసుకుంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఆచారి, మీరు, కోత మిషను దగ్గర మనిషి ఒకే టేపు వాడితే మరీ మంచిది. చాన్నాళ్లు వాడిన టేపు కొక్కెం వంగిపోయి ఒకటి రెండు ఎమ్మెమ్ తేడా చూపిస్తుంది.

2. షీటు మీద కోతలు వేసుకోండి

8×4 షీటు అంటే 2440×1220 ఎమ్మెమ్. ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు, షీటుకి 32 అడుగులు. ఇంతవరకూ గొడవేమీ లేదు. గొడవంతా రంపంతో వస్తుంది. కోత మిషను బ్లేడు ఒక్కో కోతకి దాదాపు 3 ఎమ్మెమ్ పొట్టు చేసేస్తుంది. అడుగుల్లో ఆలోచించేవాళ్లు ఈ 3 ఎమ్మెమ్‌ని లెక్కలోకి తీసుకోరు.

ఉదాహరణకి కబ్బోర్డు లోతు "రెండడుగులు" అనుకున్నారు. నాలుగడుగుల వెడల్పుని రెండు చేస్తే సరిగ్గా రెండు ముక్కలని మనసు చెబుతుంది. కానీ 1220లో బ్లేడు 3 తినేస్తే మిగిలేది 1217, ముక్కకి 608 చొప్పున. రెండడుగులంటే 610. రెండు ముక్కలూ తక్కువే. అదే లోతు 600 అని రాసుకుని ఉంటే రెండు ముక్కలూ హాయిగా వస్తాయి, అంచు సరి చేసుకోవడానికి 17 ఎమ్మెమ్ మిగులుతుంది కూడా. అరలకి 16 అంగుళాల పట్టీలు మూడు కావాలన్నా ఇదే కథ. మూడు పదహార్లు నలభై ఎనిమిది, నాలుగడుగులు సరిపోయింది అనిపిస్తుంది. రెండు కోతలకి 6 ఎమ్మెమ్ పోతే ముక్కకి 404 ఎమ్మెమ్ మాత్రమే వస్తుంది, 16 అంగుళాలంటే 406. పట్టీ 400 పెట్టుకోండి.

షీటు బొమ్మ ఒకటి తెల్ల కాగితం మీద గీసి, ముక్కలన్నీ ఎమ్మెమ్‌లో రాసి మిల్లుకి ఇవ్వండి. పొడవు ముందు, వెడల్పు తర్వాత రాయడం అలవాటు చేసుకోండి. చెక్క రేఖలు ఎటు పోవాలో బాణం గుర్తు కూడా వేయండి.

3. మందాన్ని నమ్మకండి, కొలవండి

18 ఎమ్మెమ్ ప్లైవుడ్‌ని చాలామంది ముప్పావు అంగుళం అంటారు. ముప్పావు అంగుళం నిజానికి 19.05 ఎమ్మెమ్. పైగా ప్లైవుడ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 303 ప్రకారం 6 ఎమ్మెమ్, అంతకన్నా మందమున్న ప్లైవుడ్‌కి 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 17.1 నుంచి 18.9 దాకా ఏదొచ్చినా అది 18 ఎమ్మెమ్ షీటే. మైకా అంటించాక మందం ఇంకా పెరుగుతుంది.

బయటి వెడల్పు 900 ఉన్న పెట్టెకి రెండు పక్కలూ 18 ఎమ్మెమ్ అయితే లోపలి అర 864. అదే ముప్పావు అంగుళం అనుకుని కోయిస్తే అర 862 వస్తుంది, రెండు ఎమ్మెమ్ సందు కనిపిస్తుంది. లోపల మైకా వేస్తే దాని మందం రెండు వైపులా తీసేయాలి. అందుకే షీట్లు ఇంటికి దిగాక వెర్నియర్‌తో (మందం కచ్చితంగా కొలిచే పరికరం) మూడు నాలుగు చోట్ల కొలిచి, ఆ తర్వాతే అరల కొలత ఖాయం చేయండి.

అమెరికా వీడియోలు చూసి "టూ బై ఫోర్" చెక్క కావాలని డిపోలో అడిగేవాళ్లకి ఒక మాట. అక్కడ ఆ పేరుతో అమ్మేది 1½×3½ అంగుళాలే, అంటే 38×89 ఎమ్మెమ్. ఎండబెట్టి, చిత్రిక పట్టాక మిగిలే సైజు అది. పేరుకీ కొలతకీ సంబంధం వెతక్కండి.

4. డిపోలో సీఎఫ్‌టీ మీరే వేసుకోండి

లెక్క చిన్నదే. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించాలి. వాకిలి చట్రానికి ఏడున్నర అడుగుల నిలువులు రెండు, పైనా కిందా నాలుగేసి అడుగులు, మొత్తం 23 అడుగులు. చెక్క 5×3 అయితే 23×5×3 అంటే 345. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.4 సీఎఫ్‌టీ. ఎవరైనా ఘనపు మీటర్లలో కొటేషన్ ఇస్తే ఒక ఘనపు మీటరుకి 35.3 సీఎఫ్‌టీ అని గుర్తుంచుకోండి చాలు.

బేరం చేసే ముందు ఒకటి తేల్చుకోండి: 5×3 అనేది కోత సైజా, చిత్రిక పట్టాక వచ్చే సైజా? ఒక్కో ముఖానికి నూలు చొప్పున పోయినా చేతికొచ్చేది 4¾×2¾. డబ్బులు మాత్రం కోత సైజుకే కట్టాలి, అందులో మోసమేమీ లేదు. పూర్తయ్యాక 5×3 ఉండాలంటే ముందే 5¼×3¼ అడగాలి.

పొలం గట్టు మీది వేప మానో, ముదిరిన మామిడి చెట్టో అమ్మే రైతులకి ఇంకో లెక్క తెలియాలి. గుండ్రటి మానుకి చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి 144తో భాగిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు పదడుగులు అయితే 10 సీఎఫ్‌టీ. నిజమైన ఘనపరిమాణం 12.7. కోతలో పోయే చెక్కు, పొట్టు కోసమని ఐదో వంతు పైగా ముందే వదిలేసే పాత పద్ధతి ఇది. కొనేవాడు ఈ లెక్క వేశాక "బెరడుకి ఇంకా తీసెయ్" అంటే ఒప్పుకోనక్కర్లేదు. (ఎర్రచందనం అడుగులకీ మీటర్లకీ అందదు, సర్కారు వేలంలో టన్నుల లెక్కన పోతుంది.)

5. చానల్ కొన్నాకే డ్రా కోయించండి

పద్దెనిమిది అంగుళాల చానల్ అని అమ్మేది మామూలుగా 450 ఎమ్మెమ్ ఉంటుంది. లెక్క ప్రకారం 457 రావాలి. డ్రా పొడవు 457 కోయిస్తే వెనక ఏడు ఎమ్మెమ్ బయటికి పోయి, ముందు తలుపు సరిగ్గా కూర్చోదు. బాల్ బేరింగ్ చానల్‌కి పక్కకి అరంగుళం, అంటే 12.7 ఎమ్మెమ్ చోటు కావాలి. పెట్టె లోపలి వెడల్పు 500 అయితే డ్రా బయటి వెడల్పు 474. చానల్ మీద ముద్రించిన ఎమ్మెమ్ అంకె చూసి, ఆ అంకెనే కోత కాగితంలో రాయండి.