వానలు పడేలోపే ఇత్తడికి కాక పెట్టండి

డైలో (లోహానికి ఆకారమిచ్చే అచ్చులో) నొక్కిన ఇత్తడి కప్పులు, గొట్టాలు షెడ్డులో నిల్వ ఉన్నవాళ్లు జూన్ రాకముందే వాటి సంగతి చూసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో నాదో చిన్న ప్రెస్ షెడ్డు. చోటు చాలక ఒక ఏడాది సరుకంతా గుంటూరు దగ్గర మా బావమరిది యూరియా గోడౌన్‌లో పెట్టాను. వానాకాలం పోయాక తీస్తే, చాలా కప్పులకు అంచు నుంచి కిందికి వెంట్రుకంత చీలికలు. ఎవరూ కొట్టలేదు, పడేయలేదు.

ఈ రోగం పాతదే. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే తూటాల ఇత్తడి గొట్టాలు గుర్రపుశాలల్లో దాస్తే వానాకాలంలో ఇలాగే పగిలేవి. సీజన్ క్రాకింగ్ అన్న పేరు అందుకే వచ్చింది. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా, గాలిలో చెమ్మ, నొక్కినప్పుడు ఇత్తడి లోపల దాగిన బిగువు, ఈ మూడూ కలిస్తే చాలు. చెమ్మెక్కిన యూరియా దగ్గర ముక్కుకు తగిలేదీ ఆ అమ్మోనియానే.

వానను మనం ఆపలేం గానీ బిగువును తీసేయొచ్చు. సరుకును 250 నుంచి 300 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచితే గట్టితనం పెద్దగా పోకుండానే బిగువు సడలుతుంది. మళ్లీ డైలో పెట్టి సాగదీయాలంటే మాత్రం ఇంకా ఎక్కువ కాల్చి మెత్తబరచాలి. ఎండలో ఆ పని చేయకండి, కాగిన ఇత్తడి ఎరుపు కనపడక మాడ్చేస్తారు. మాడిన ఇత్తడి నొక్కితే పైన బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. తెల్ల పొగ లేచిందంటే జింకు పోతున్నట్టు. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం.

ఎక్కడ కాల్చకూడదో కూడా తెలియాలి. విదేశాల్లో వైల్డ్‌క్యాట్ రైఫిళ్ల (బజారులో దొరకని సొంత కొలతల తూటాలు వాడే తుపాకుల) కోసం తూటా గొట్టాల ఆకారం మార్చుకునేవాళ్లు మెడకే వేడి పెడతారు, అడుగుకు తగలనివ్వరు. అడుగు మెత్తబడితే పేలేటప్పుడు ఒత్తిడికి ఆగదు, ముప్పు తుపాకీ పేల్చేవాడి మొహానికే. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం, ఆ సరదా వద్దు.

మెరుపు కోసం అమ్మోనియా కలిసిన క్లీనింగ్ లిక్విడ్లు వాడకండి. చింతపండే నయం, కడిగి పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె రాసి పెట్టండి. పశువుల కొట్టం, ఎరువుల గోడౌన్, మరుగుదొడ్డి గోడ పక్కన ఉంచొద్దు.

మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు చల్లబరిచే అమ్మోనియా లైనుకు ఇత్తడి వాల్వు అడిగితే, ఎంత రేటిచ్చినా ఒప్పుకోకండి. అక్కడ ఇనుమో స్టీలో వేయాల్సిందే.